నిద్రా, మెలకువా

ఊర్మిళాదేవి నిద్ర పాటను పెద్ద ముత్తయిదువల నోట విననివారు మన తెలుగు యిళ్ళలో తక్కువ. తరాల క్రిందట వూరు విడిచి తమిళదేశం వచ్చి స్థిరపడిన మా వంటి కుటుంబాలలో పాట మరుగునపడినా కథ మాత్రం మిగిలే వున్నది. లక్ష్మణస్వామి అన్నావదినెలకు కాపలా కాస్తూ పదునాలుగేళ్ళు రెప్ప వేయలేదు. ఆయన పోవలసిన నిద్ర అంతా యిక్కడ అయోధ్యలో ఊర్మిళ పోయింది. చిన్నతనంలో నాకు యీ కథలో నచ్చినది అందులోని లెక్క. నిద్రను ఎగవేయడానికి వీలులేదు. ఎవరో ఒకరు ఆ బాకీ తీర్చవలసిందే. ఆఫీసులో పద్దులు వ్రాసే వుద్యోగంలో పడిన తర్వాత ఆ లెక్క మరీ నచ్చింది.

ఒక ప్రాణి పోవలసిన నిద్రను మరొక ప్రాణికి ఎక్కించవచ్చునా అని నిజంగానే పరీక్షించి చూచినవారున్నారంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. జపానులోని నగోయా నగరంలో ఇషిమోరి అనే శాస్త్రజ్ఞుడు 1909లోనూ, పారిస్‌లో పియెరాన్ అనే ఆయన 1913 ప్రాంతంలోనూ యీ పని చేశారు. కుక్కలను రోజుల తరబడి నిద్రపోనీయక మేలుకొలిపి వుంచారు. పియెరాన్ అట్టి కుక్క మెదడు చుట్టూ వుండే నీటిని తీసి, హాయిగా నిద్రపోయి లేచిన మరొక కుక్కకు ఎక్కించాడు. ఆ రెండవ కుక్క కాస్సేపటికి తూగడం మొదలుపెట్టి నిద్రలో పడిపోయింది. నిద్రలేమి ఒకదానిది, నిద్ర మరొకదానిది! మేలుకొని వున్నంతసేపూ మెదడులో ఏదో ఒక పదార్థం పేరుకొంటుందనీ, అదే నిద్ర తెప్పిస్తుందనీ పియెరాన్ తేల్చాడు. ఆ పదార్థం ఏదో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు.

అటువంటి పదార్థాలు ఒకటి కంటె ఎక్కువే వున్నాయని యిప్పుడు తెలిసింది. వాటిలో ముఖ్యమైనదాని పేరు ఎడినోసిన్. పొయ్యిలో కట్టె మండితే బూడిద మిగిలినట్లు, మెదడులోని కణాలు పనిచేయడానికి శక్తిని ఖర్చుపెట్టగా మిగిలేది యిది. ప్రొద్దున లేచింది మొదలు కొంచెం కొంచెంగా పోగుపడుతుంది. పోగుపడిన కొద్దీ మెలకువను నిలిపే కణాల నోరు నొక్కుతుంది. కన్నులు బరువెక్కుతాయి, ఆవులింతలు వస్తాయి. నిద్రపోతే ఆ బూడిద ఎత్తిపోసినట్లవుతుంది. తార్యా పోర్కా హైస్కనెన్ అనే ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞురాలు తోటివారితో కలిసి పిల్లుల మెదళ్ళలో సన్నని గొట్టాలు అమర్చి, మేలుకొన్నప్పుడు యీ పదార్థం పెరగడమూ, నిద్రలో తగ్గడమూ కొలిచి 1997లో ప్రకటించింది.

ఇక కాఫీ సంగతి. దక్షిణాదిన వున్న మనకు యిది యింటి సంగతే గదా! ఎడినోసిన్ వచ్చి కూర్చోవడానికి కణాల మీద కొన్ని పీటలు వుంటాయి. కాఫీలోని కెఫీన్ ఆకారంలో ఎడినోసిన్‌కు దగ్గర చుట్టం. విందులో పిలవని చుట్టం వచ్చి పెళ్ళివారి పీటల మీద కూర్చున్నట్లు, కెఫీన్ పోయి ఆ పీటలు ఆక్రమించుకొంటుంది. అసలు చుట్టం గుమ్మంలో నిలబడిపోతుంది. అందుచేత కాఫీ మనకు కొత్త శక్తి ఏదీ యివ్వదు. అలసట కబురు మెదడుకు అందకుండా ఆపుతుంది, అంతే. కెఫీన్ లేచిపోగానే అంతవరకు గుమ్మంలో పోగైనవారందరూ ఒక్కసారి లోపలికి వస్తారు. మధ్యాహ్నం మూడు గంటలకు ఆఫీసు బల్లల మీద తలలు వాలడానికి యిదొక కారణం. (భోజనంలో రెండోసారి పెరుగన్నం వడ్డించుకోవడం మరొక కారణమేమో, దాని జోలికి పోను.)

త్రాగిన కెఫీన్‌లో సగం ఒంటిలోనుండి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. కొందరికి యింకా తక్కువ, కొందరికి ఎక్కువ. సాయంత్రం అయిదింటికి వచ్చిన చుట్టాలకు మర్యాద చేస్తూ మనమూ ఒక గ్లాసు పుచ్చుకొంటే, రాత్రి పదింటికి అందులో సగం యింకా పీటల మీదనే కూర్చుని వుంటుంది. "నాకు కాఫీ త్రాగినా నిద్ర పడుతుంది" అనే పెద్దలు చాలామంది వున్నారు. పడుతుంది, నిజమే. కాని అది గాఢంగా పట్టదు. తెల్లవారి లేచాక ఆ లోటు తీర్చుకోవడానికి మళ్ళీ డికాక్షనే శరణ్యం. కాఫీ గింజలనుండి యీ కెఫీన్‌ను మొదట విడదీసినవాడు రుంగె అనే జర్మను యువకుడు, 1819 ప్రాంతంలో. ఆయన చేతిలో కాఫీ గింజలు పెట్టి, వీటిలో ఏమున్నదో చూడుమని పురమాయించినవాడు మహాకవి గొయితె. కవులు చేసే మేలు పలువిధాలు.

బూడిద పేరుకొంటే నిద్ర, ఊడిస్తే మెలకువ: సంగతి యింతేనా అంటే కాదు. కోయంబత్తూరు మిల్లులలో రాత్రి షిఫ్టు చేసినవారిని అడగండి. నా కెరిగిన ఒక కార్మికుడు అనేవాడు, "ఏమండీ గుమాస్తాగారూ, తెల్లవారుజామున మూడింటికి మగ్గం పక్కన నిలబడే కునుకు తీస్తాను. అదే ఎనిమిదింటికి యింటికిపోయి చాప వేసుకొంటే కన్ను మూతపడదు. ఇదెక్కడి న్యాయం?" మూడింటికంటె ఎనిమిదింటికి అలసట ఎక్కువ గదా, నిద్ర యింకా బాగా పట్టవలసింది. పట్టకపోవడానికి కారణం, బూడిద లెక్కతో నిమిత్తం లేకుండా నడిచే గడియారం ఒకటి తలలో వుండడం.

రెండు కన్నుల నరాలు మెదడు అడుగున ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన యిరవై వేల కణాల చిన్న గుంపు వున్నది. దానిని తీసివేస్తే ఎలుకలకు రాత్రీ పగలూ తేడా తెలియకుండా పోతుందని 1972లో రెండు బృందాలు వేరువేరుగా కనుగొన్నాయి. అదే మన గడియారం. రోజుకు యిరవైనాలుగు గంటలకు కొంచెం అటూయిటూగా తిరుగుతుంది. ప్రతిదినం సూర్యుని వెలుతురు కంటిలో పడి ఆ తేడాను సరిదిద్దుతుంది. ఈ వెలుతురును కొలవడానికి కంటి లోపలి పొరలో ప్రత్యేకమైన కణాలున్నాయి; చూపుకు వుపయోగించే కణాలు వేరు, ఇవి వేరు. చీకటి పడితే గడియారం ఆజ్ఞమీద మెదడు మధ్యనున్న పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే రసాన్ని విడుస్తుంది. అది నిద్ర కాదు, "రాత్రి అయినది" అని ఒళ్ళంతా వేసే దండోరా. అమెరికాలో లెర్నర్ అనే చర్మవైద్యుడు 1958లో దీనిని ఆవుల పీనియల్ గ్రంథులనుండి వేరుచేశాడు. ఆయన వెదికినది కప్ప చర్మాన్ని తెల్లబరచే పదార్థం కోసం, దొరికినది యిది.

కాబట్టి ఆ కార్మికుడికి ప్రొద్దున ఎనిమిదింటికి ఒక ప్రక్క బూడిద "పడుకో" అంటున్నది, రెండవ ప్రక్క గడియారం "తెల్లవారింది, లే" అంటున్నది. దారిలో కన్నులలో పడిన యెండ గడియారం పక్షానే సాక్ష్యం చెప్పింది. ఈ రెండింటి పోరుగా నిద్రను లెక్కకట్టే పద్ధతిని జూరిచ్ నగరంలో బోర్బెలీ అనే పండితుడు 1982లో వివరించాడు. రాత్రి షిఫ్టువారు నల్ల కళ్ళజోడు పెట్టుకొని యింటికి పోవాలనీ, పడుకొనే గదికి మందపాటి తెరలు కట్టాలనీ డాక్టర్లు చెప్పేది యిందుకే. ఆ వీధిలోని పిల్లలనూ, ప్రెషరు కుక్కరులనూ ఆపే వుపాయం డాక్టర్లు కూడా చెప్పలేరు.

మరి యీ బూడిదా, గడియారమూ తమ మాట ఎవరికి చెప్పుకొంటాయి? నిద్ర పుచ్చేది ఎవరు, లేపేది ఎవరు? దీనికి జవాబు ఒక మహా విపత్తులోనుండి వచ్చింది. 1917లో వియన్నా నగరంలో ఫాన్ ఎకొనొమో అనే డాక్టరు దగ్గరకు వింత రోగులు రాసాగారు. జ్వరం వచ్చి, వారాల తరబడి నిద్రలో మునిగిపోయేవారు. లేపితే లేచి, మాటకు మాట చెప్పి, మళ్ళీ నిద్రలోకి జారేవారు. తర్వాతి పదేళ్ళలో అది అనేక దేశాలలో వ్యాపించి ఎందరినో బలిగొన్నది. మిగిలినవారిలో ఎందరినో జీవచ్ఛవాలను చేసింది. విచిత్రమేమిటంటే, ఆ రోగమే కొద్దిమందికి నిద్ర అన్నది లేకుండా చేసింది. ఒకే జబ్బు ఒకరిని కుంభకర్ణుని చేసి మరొకరిని లక్ష్మణుని చేయడమేమిటి?

ఎకొనొమో చనిపోయినవారి మెదళ్ళు కోసి చూచాడు. హైపోథలామస్ అని మెదడు అడుగున ఒక చిన్న భాగం వున్నది. ఎడతెగని నిద్రలో పోయినవారికి దాని వెనుక వైపు చెడివున్నది. నిద్ర లేక పోయినవారికి ముందు వైపు చెడివున్నది. అంటే ముందు వైపు నిద్రపుచ్చే కేంద్రమూ, వెనుక వైపు మేలుకొలిపే కేంద్రమూ వుండాలి. మైక్రోస్కోపు, ఓర్పు తప్ప వేరే సాధనం లేకుండా ఆయన చెప్పిన యీ మాట నిలిచింది. 1996లో హార్వర్డులో సేపర్ అనే ఆయన బృందం ఎలుకలలో ఆ ముందు వైపున, నిద్రలో మాత్రమే పనిచేసే కణాల గుంపును కనుగొన్నది. లోకమంతా నిద్రపోతూంటే డ్యూటీ ఎక్కే గూర్ఖా వంటివి ఆ కణాలు. నిద్ర అంటే మెదడు దీపం ఆర్పుకొని ఊరకుండడం కాదనీ, కొన్ని కణాలు పనిగట్టుకొని మిగతావాటిని పడుకోబెట్టడమనీ దీనివలన రూఢి అయింది.

ముందున్న నిద్ర కణాలు గాబా అనే పదార్థాన్ని విడిచి వెనుకనున్న మెలకువ కణాల నోరు మూయిస్తాయి. మెలకువ కణాలు కూడా ఊరుకోవు. తమ రసాలను విడిచి నిద్ర కణాలను అణచివేస్తాయి. గిలక బావిలో ఒకే త్రాటికి రెండు చివరలా రెండు చేదలు కట్టినట్లనుకోండి. ఒకటి పైకి వస్తే రెండవది క్రిందికి పోవలసిందే. రెండూ మధ్యలో వ్రేలాడడం వుండదు. మనం సగం మెలకువలో ఎక్కువసేపు వుండకుండా యిటో అటో పడిపోయేది అందుకే.

మెలకువ వైపు పనిచేసే రసాలు చాలా వున్నాయి. వాటిలో హిస్టమిన్ మనందరికీ తెలియకుండానే తెలిసినది. జలుబు చేసి తుమ్ములు వస్తే మందుల షాపులో మాత్ర కొంటాము. ముక్కులో హిస్టమిన్ చేసే అల్లరిని ఆ మాత్ర అణచుతుంది. కాని పాతకాలపు క్లోర్ఫెనిరమిన్ వంటి మందులు ముక్కుతో ఆగక మెదడులోకి కూడా చొరబడి, అక్కడ మెలకువ నిలిపే హిస్టమిన్‌ను సైతం అడ్డుకొంటాయి. అందుకే మాత్ర వేసుకొని బల్ల ముందు కూర్చుంటే కలం జారిపోతుంది. బండి నడిపేవారికి యిది హాస్యం కాదు. కొత్తగా వచ్చిన ఫెక్సోఫెనడిన్ వంటివి మెదడులోకి దాదాపు పోవు, కనుక తూగు చాలా తక్కువ.

ఇంతవరకు చెప్పినదానిలో గిలకా వున్నది, చేదలు వున్నాయి. త్రాడు పట్టుకొనే చెయ్యి లేదు. పగలంతా మెలకువ చేద పైననే నిలబడాలంటే ఎవరో త్రాడు బిగించి పట్టుకోవాలి గదా. ఆ చేతిని 1998లో కనుగొన్నారు. ఆ యేడు ఆరంభంలోనే కాలిఫోర్నియాలో ఒక బృందమూ, టెక్సాస్ రాష్ట్రపు డల్లాస్‌లో యనగిసావా, సకురాయ్ అనే జపానువారి బృందమూ ఒకే పదార్థాన్ని వేరువేరుగా పట్టుకొన్నారు. బిడ్డకు తల్లివైపువారు ఒక పేరు, తండ్రివైపువారు ఒక పేరు పెట్టినట్లు, వారు హైపోక్రెటిన్ అన్నారు, వీరు ఒరెక్సిన్ అన్నారు. ఒరెక్సిన్ అంటే ఆకలికి సంబంధించినది. హైపోథలామస్ ప్రక్కభాగాలు ఆకలి పుట్టించే చోటని 1951లో మన దేశస్థుడైన బి. కె. ఆనంద్ అమెరికాలో బ్రోబెక్‌తో కలిసి నిరూపించి వున్నాడు. ఈ పదార్థం ఆ చోటనే దొరకడంతో డల్లాస్‌వారు దానికి ఆకలి పేరు పెట్టారు. దాని అసలు పని మెలకువను నిలపడమని ఒక యేడాదిలోనే బయటపడింది. మెదడులో వేల కోట్ల కణాలున్నాయి. ఒరెక్సిన్ చేసేవి అందులో డెబ్బై, ఎనభై వేలు మాత్రమే.

ఈ కొద్ది కణాలు నశిస్తే ఏమవుతుందో చూడండి. 1880లో ఫ్రాన్సులో జెలినో అనే డాక్టరు దగ్గరకు ద్రాక్షసారాయి పీపాలు అమ్మే ముప్పై ఎనిమిదేళ్ళ వర్తకుడు వచ్చాడు. రోజులో ఎన్నోసార్లు, ఉన్నవాడు ఉన్నట్లు నిద్రలో పడిపోయేవాడు. అంతేకాదు, పకపకా నవ్వినా, లాభసాటి బేరం తగిలి సంతోషించినా కాళ్ళు సడలి కూలబడేవాడు. జెలినో యీ రోగానికి నార్కొలెప్సీ అని పేరు పెట్టాడు. ఇది సుమారు రెండువేల మందిలో ఒకరికి వుంటుందని అంచనా.

మా దూరపు బంధువులలో ఒక అమ్మాయికి పదమూడవ యేట యిది మొదలైంది. రాత్రి తొమ్మిదింటికే పడుకొనేది, క్లాసులో మొదటి పీరియడ్‌కే తల వాల్చేది. "మొద్దు" అన్నారు, "తూగుమొగం" అన్నారు, బల్లమీద నిలబెట్టారు. పెళ్ళిళ్ళలో తోటి పిల్లలు పరాచికాలాడితే నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళు వంగి నేలమీద వాలిపోయేది. నాలుగు క్షణాలకు లేచేది. గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. తర్వాత మూర్ఛ అనుకొని మూడేళ్ళు మూర్ఛ మందులు మింగించారు. కుదిరిన సంబంధం ఒకటి "పిల్లకు మూర్ఛ వున్నదట" అన్న మాటతో తప్పిపోయింది. పంతొమ్మిదవ యేట ఒక నరాల డాక్టరు ఆమెను రెండు ప్రశ్నలు అడిగాడు. "ఏమ్మా, నవ్వినప్పుడేనా పడిపోయేది? పడినప్పుడు పక్కవాళ్ళ మాటలు వినిపిస్తాయా?" "అన్నీ వినిపిస్తాయండీ, లేవడానికి ఒళ్ళు స్వాధీనంలో వుండదు, అంతే" అన్నది. మూర్ఛలో సాధారణంగా స్పృహ తప్పుతుంది, ఇందులో తప్పదు. ఆ తేడా పట్టుకొన్నందుకు ఆ డాక్టరుకు చేతులెత్తి మొక్కాలి. ఇప్పుడు ఆమె ప్రొద్దున ఒక మాత్ర వేసుకొని, మధ్యాహ్నం యిరవై నిమిషాలు నియమంగా పడుకొని, ఒక స్కూలులో లెక్కలు చెబుతున్నది. ఆమెను మొద్దు అన్నవారిలో యిద్దరి పిల్లలు ఆమె దగ్గరే చదువుకొన్నారు.

నవ్వితే పడిపోవడం ఎందుకు? కలలు వచ్చే నిద్రలో మెదడు వొంటి కండరాలను దాదాపు అన్నింటినీ సడలించి వుంచుతుంది. లేకపోతే కలలో పరుగెత్తేవాడు నిజంగా మంచం దిగి పరుగెత్తుతాడు. ఒరెక్సిన్ చెయ్యి త్రాడు వదిలితే, కలల నిద్రకు చెందిన ఆ సడలింపు మెలకువలోకి జొరబడుతుంది. ఆనందం, ఆశ్చర్యం వంటి భావాలు దానికి తలుపు తీస్తాయి. తెల్లవారుజామున మెలకువ వచ్చీ కాలూ చెయ్యీ కదపలేక, గుండెలమీద దయ్యం కూర్చున్నదని భయపడేవారు మనలో చాలామంది వున్నారు. అదీ యీ సడలింపే, కొన్ని క్షణాలు ఆలస్యంగా పోవడం. ఎప్పుడో ఒకసారి వస్తే అది రోగం కాదు.

ఈ రహస్యం బయటపెట్టడానికి కుక్కలు మళ్ళీ తోడ్పడ్డాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టుకతోనే నార్కొలెప్సీ వున్న డాబర్మన్ కుక్కలను పెంచేవారు. రుచికరమైన తిండి పెడితే సంతోషం పట్టలేక అవి మూతి పళ్ళెంలో వుండగానే కూలిపోయేవి. మిన్యో అనే శాస్త్రజ్ఞుడు యేళ్ళ తరబడి వెదికి, వాటిలో ఒరెక్సిన్‌ను అందుకొనే పీట పుట్టుకతోనే చెడివున్నదని 1999లో చూపాడు. అదే యేడు యనగిసావా బృందం, ఒరెక్సిన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలు అట్లాగే పడిపోవడం చూచింది. మరుసటి యేడు, 2000లో, నార్కొలెప్సీతో బ్రతికి చనిపోయినవారి మెదళ్ళలో ఒరెక్సిన్ కణాలు నూటికి తొంభై వంతుల వరకు లేవని తేలింది. మనుష్యులలో యిది చాలావరకు వంశంలో వచ్చేది కాదు; ఒంటి రక్షకభటులే పొరపాటున ఆ కణాలను చంపుతారని అనుమానిస్తున్నారు. అమ్మాయి పెళ్ళి విషయంలో తర్జనభర్జన పడేవారు యీ వాక్యం మరొకసారి చదవాలి.

త్రాడు పట్టే చెయ్యి తెలిసిన తర్వాత మందులు రెండు దారుల బయలుదేరాయి. నిద్రపట్టనివారి కోసం ఒరెక్సిన్ పీటలను మూసే మాత్రను 2014లో అమెరికాలో అనుమతించారు. మెదడు మొత్తాన్ని మత్తులో ముంచక, త్రాటిని మాత్రం వదులు చేయించే పద్ధతి అది. నార్కొలెప్సీ వారి కోసం ఒరెక్సిన్ పని తానే చేసే మాత్రలు తయారుచేసి పరీక్షించారు. 2025లో ప్రకటించిన ఫలితాలు ఆశ కలిగించేవిగా వున్నాయి.

ఇంటిలో పిల్లవాడెవరైనా రాత్రి చాలినంత నిద్రపోయి కూడా పగలు నెలల తరబడి తూగుతూంటే, ముఖ్యంగా నవ్వినప్పుడు దవడో మోకాళ్ళో సడలుతూంటే, నరాల డాక్టరుకు చూపించాలి. పెద్ద ఆస్పత్రులలో దీనికి పరీక్ష వున్నది. తలకు తీగలు అంటించి రాత్రంతా నిద్రను వ్రాసుకొంటారు. గురక వలన ఊపిరి ఆగి నిద్ర చెడేవారి సంగతి ఆ రాత్రే తెలిసిపోతుంది. వారి వైద్యం వేరు. మరునాడు పగలు రెండేసి గంటల కొకసారి, నాలుగైదు మార్లు, చీకటి గదిలో పడుకోమంటారు. సగటున ఎనిమిది నిమిషాలలోగా నిద్ర పట్టి, రెండు మార్లయినా పట్టీ పట్టగానే కలల నిద్ర వస్తే అది నార్కొలెప్సీకి గట్టి ఆనవాలు. పరీక్షకు ముందు వారం పదిరోజులు ఏ వేళ పడుకొన్నదీ, ఏ వేళ లేచినదీ చిట్టా వ్రాసి తెమ్మంటారు. ఆ చిట్టాలో కాఫీ వేళలు కూడా వ్రాయాలి.